దివిటీ ఓడలో వండింది ఎవరు?

మరిది టీషర్టుని తిరగేసి ఇస్త్రీ చెయ్యాలి. గుండెల మీద అచ్చువేసిన అక్షరాలున్నాయి కదా, మామూలుగా రుద్దితే అవి ఇస్త్రీపెట్టెకి అంటుకుని ఊడొస్తాయి. ఆ సంగతి మరిదికి తెలియదు. అతనికి తెలిసిందల్లా బుట్టలో పడేసిన నల్ల టీషర్టు మూడోనాటికి బీరువాలో మడతల్లో ఉంటుందని. మధ్యలో దానికేం జరుగుతుందో ఆలోచించాల్సిన అవసరం ఇరవైతొమ్మిదేళ్ళుగా అతనికి కలగలేదు, దేవుడు చల్లగా చూశాడు. వదిన టీషర్టుని తిరగేసి బల్ల మీద పరిచింది. లోపలివైపు నుంచి కూడా ఆ అక్షరాల మందం వేళ్ళకి తగులుతూనే ఉంది. ఆవిడ వాటిని చదవక్కర్లేదు. "ఎవరి గిన్నె వాళ్ళు కడుక్కోలేని దళం ఏ యుద్ధమూ గెలవదు" అని పెద్ద అక్షరాల్లో, కింద చిన్న అక్షరాల్లో "స్టోర్స్ సార్జెంట్, దివిటీ యుద్ధనౌక" అని. ఇది వేసుకుని తిరిగే మనిషి ఈ ఇంట్లో ఇంతవరకూ ఒక చెంచా కడిగిన పాపాన పోలేదు.

ఈ వదినకి ఆఫీసులో ఒక పేరుంది, పొంతనమ్మ అని. ఎగతాళికి పెట్టిన పేరే, కానీ ఎనిమిదేళ్ళలో అతుక్కుపోయింది, ఆవిడకీ నచ్చేసింది. మనమూ అలాగే పిలుద్దాం. ఆవిడ పని చేసేది ఒక పుస్తకాల కంపెనీలో. ఆ కంపెనీ వేసేవి "పదమూడో కక్ష్య" అనే వీడియో గేమ్‌కి అనుబంధంగా వచ్చే యుద్ధ నవలలు. ఆట సంగతి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు: భూమికి చాలా దూరంగా మనుషులకీ గుల్లలకీ మధ్య యుద్ధం జరుగుతూ ఉంటుంది. గుల్లలంటే ఒళ్ళంతా పెంకు ఉన్న జీవులు. ఆట ఆడే ప్రతివాడూ దివిటీ అనే అంతరిక్ష ఓడకి కెప్టెనే, ఎవడూ కింది ఉద్యోగి కాడు. ఒక ఆట వచ్చాక ఇంకో ఆట రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఆ మధ్యకాలంలో కెప్టెన్ ఏం చేశాడో, ఎవరు పోయారో, ఎవరు మిగిలారో చెప్పేవి ఈ నవలలు. పొంతనమ్మ పని వాటి పొంతన చూడటం. మూడో నవలలో ఎడమచెయ్యి పోగొట్టుకున్న గన్నరు అయిదో నవలలో చప్పట్లు కొడితే పట్టుకోవాలి. ఓడలో శీతల గిడ్డంగి తలుపు ఒక ఆటలో కుడివైపు ఉంటే నవలలో ఎడమవైపుకి జరక్కుండా చూడాలి. దీనికంతటికీ ఆవిడ దగ్గర పదకొండు వందల పేజీల పట్టిక ఉంది. అందులో సగం ఆవిడ బుర్రలోనే ఉంది.

ఇంట్లో మాత్రం ఈ ఉద్యోగానికి ఏ పేరూ లేదు. ఎవరైనా అడిగితే భర్త "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ, ఖాళీగా ఉండటమెందుకని ఏవో అచ్చుతప్పులు దిద్దుతుంది" అంటాడు. అత్తగారైతే "బొమ్మల యుద్ధానికి కాపలా కాస్తోంది" అనేవారు మొదట్లో. ఇప్పుడు అలవాటైపోయి ఏమీ అనడం లేదు. ఆవిడ ఆఫీసు భోజనాల బల్ల. లాప్‌టాప్ తెరిచిన గంటకి ఎవరికో ఆకలి వేస్తుంది, అప్పుడు ఆఫీసు మూసి బల్ల తుడవాలి. రోజుకి మూడుసార్లు ఆవిడ ఉద్యోగం అక్కణ్ణుంచి లేచి ఫ్రిజ్ మీదకి వెళ్ళి కూర్చుంటుంది.

తమాషా ఏమిటంటే అన్నదమ్ములిద్దరూ ఆ ఆటంటే ప్రాణం పెడతారు. భర్తది ఇన్సూరెన్స్ ఆఫీసు, మరిదిది రక్తపరీక్షల ల్యాబు. ఇంటికి రాగానే ఇద్దరూ కెప్టెన్లయిపోతారు. నవలలన్నీ కొంటారు, వాదించుకుంటారు. ఆవిడ దిద్దేవి ఏ పుస్తకాలో మాత్రం ఇద్దరూ ఎప్పుడూ అడగలేదు. ఒకరోజు శీతల గిడ్డంగి తలుపు ఏ వైపు అని ఇద్దరికీ పందెం పడింది. వడ్డిస్తున్న పొంతనమ్మ కుడివైపని చెప్పింది. మరిది నవ్వి, "నీకు తెలియదులే వదినా, ఇది చాలా లోతైన విషయం" అని ఫోన్ తీసి వెతికాడు. కంపెనీ పేజీలో జవాబు దొరికింది, కుడివైపేనని. "చూశావా అన్నయ్యా, పొంతన విభాగం వాళ్ళే చెప్పారు, ఇంక తిరుగులేదు" అన్నాడు. ఆ విభాగంలో ఉన్నది ఒక్కటే మనిషి, ఆవిడ అప్పుడు మరిది కంచంలో రెండో వడ్డన వేస్తోంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

ఆటకి తోకగా వచ్చే పుస్తకాలంటే చాలామందికి చిన్నచూపు. పొంతనమ్మకీ మొదట్లో ఉండేది. కానీ ఆ రాసేవాళ్ళ కష్టం దగ్గర్నుంచి చూశాక మనసు మారింది. వాళ్ళు కెప్టెన్‌ని చంపకూడదు, తర్వాతి ఆటకి కావాలి. యుద్ధం గెలవకూడదు, గెలిస్తే ఆట అయిపోతుంది. ఓడలో గోడ జరపకూడదు, తలుపు మార్చకూడదు, పెళ్ళిళ్ళు చెయ్యకూడదు. ఎవరో కట్టిన ఇంట్లోకి వచ్చి, ఒక్క మేకు కూడా కొట్టకుండా, అందులోనే బతికి చూపించాలి. ఈ పని ఎంత కష్టమో పెళ్ళై ఇంకో ఇంటికి వచ్చిన ఏ ఆడదానికైనా చెప్పకుండానే అర్థమవుతుంది. అందుకే ఆ రచయితలంటే ఆవిడకి గౌరవం. వాళ్ళందరిలోకీ మేజర్‌గారంటే ఇంకాస్త ఎక్కువ.

నాలుగో నవల నుంచి రాస్తున్నది మేజర్‌గారే. అట్ట మీద రెండు పొడి అక్షరాలు, ఒక ఇంటిపేరు, అంతే. ఫోటో ఉండదు. యుద్ధం తెలిసిన మనిషే రాశాడని, తప్పకుండా రిటైరైన మేజర్ అయ్యుంటాడని పాఠకులు తేల్చేశారు. కంపెనీ అవుననలేదు, కాదనలేదు. ఆఫీసులో కూడా మేజర్‌గారనే పిలుస్తారు. రాతప్రతి మెయిల్లో వస్తుంది, పొంతనమ్మ దాన్ని అచ్చు తీసుకుని పక్క ఖాళీలో ప్రశ్నలు రాస్తుంది, ఆ కాగితాలు ఎడిటర్ చేతుల మీదుగా తిరిగి వెళతాయి. ఆరేళ్ళుగా ఇద్దరి మధ్యా ఉన్న పరిచయం ఆ పక్క ఖాళీ అంత వెడల్పు.

నాలుగో నవల మొదటి ప్రతి వచ్చిన రోజు ఆవిడకి బాగా గుర్తు. కథలో దివిటీ ఇంజన్లు చచ్చిపోయి ఒక మృత చంద్రుడి వెనక తొంభై రోజులు ఇరుక్కుపోతుంది. పేజీలకి పేజీలు తుపాకులు, వ్యూహాలు, ధైర్యం గురించి ఉపన్యాసాలు. మధ్యాహ్నం భర్త తిన్న కంచం తెచ్చి ఆవిడ కాగితాల మీద పెట్టి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. కాగితాలని చూడలేదని కాదు. కంచం పెట్టడానికి బల్ల మీద అదే దగ్గరగా ఉంది. కాగితానికి అంటిన గుండ్రటి మరకని తుడుస్తూ ఆవిడ పెన్ను తీసుకుని రాసేసింది: "సర్, ఓడలో నాలుగొందల పన్నెండు మంది ఉన్నారు. తొంభై రోజులయింది. వండింది ఎవరు? గిన్నెలు ఎవరు కడిగారు?" అక్కడితో ఆగాల్సింది. ఒళ్ళు మండి ఇంకో వాక్యం కూడా రాసింది: "ఎవరి గిన్నె వాళ్ళు కడుక్కోలేని దళం ఏ యుద్ధమూ గెలవదు."

ఎడిటర్ చూసి పడీపడీ నవ్వాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ, కెప్టెన్‌కే ఆకలి వెయ్యనప్పుడు మీకెందుకు బాధ అన్నాడు. అయినా తీసెయ్యకుండా పంపాడు. రెండు నెలలు మేజర్‌గారి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఉద్యోగం ఊడిందేమోనని పొంతనమ్మ భయపడింది. ఆ తర్వాత కొత్త ప్రతి వచ్చింది, పాతదానికంటే మూడొందల పేజీలు పెద్దది. మొదటి పేజీ పైన ఒక ముక్క: "మీ ప్రశ్నకి పక్క ఖాళీలో చోటు చాల్లేదు."

అందులో పుట్టింది స్టోర్స్ సార్జెంట్. నడుముకి తాళాలగుత్తి, ఓడంతా ఆవిణ్ణి పెద్దక్క అంటుంది. తుపాకులు పనిచెయ్యని ఆ తొంభై రోజులూ ఓడని నడిపింది ఆవిడే. ఎన్ని బూట్లున్నాయి, ఎన్ని కట్టుగుడ్డలున్నాయి, ఏ గదిలో ఎంతమందికి ఎన్ని గంటల గాలి ఉంది, అన్నీ ఆవిడకి తెలుసు. గిన్నెల వంతు చీటీ రాసి గోడకి అంటిస్తే మొదటి పేరు కెప్టెన్‌ది. కెప్టెన్ మండిపడతాడు. పెద్దక్క ఏమీ అనదు, మర్నాడు అతనికి ఒక్కరోజుకి తాళాలు ఇస్తుంది. సాయంత్రానికి ఆ మహావీరుడు గిడ్డంగిలో డబ్బాల మధ్య తల పట్టుకుని కూర్చుంటాడు. ఒంటిచేతి గన్నరు ఒక్క చేత్తో గిన్నె ఎలా తోమాలో కుర్రసైనికులకి నేర్పే పేజీ ఉంది. అది చదువుతూ పొంతనమ్మ పొయ్యి మీద పాలు మర్చిపోయింది. పాలన్నీ పొంగి పొయ్యి పాలయ్యాక అత్తగారు వచ్చి చూస్తే కోడలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఎవరు పోయారమ్మా అని కంగారుపడ్డారు. ఎవరూ పోలేదత్తయ్యా, అందరూ బతికారు అంది. ఎనభై ఎనిమిదో రోజున గుల్లలు ఓడలోకి చొరబడితే, ఏ గదిలో గాలి తీసెయ్యాలో ఏ గదిలోకి మనుషుల్ని తోలాలో చెప్పింది పెద్దక్కే. మళ్ళీ ఆ రాత ఎక్కడా గొప్ప చెప్పుకోదు. యుద్ధం అయ్యాక అందరూ కెప్టెన్‌కి జేజేలు కొడుతుంటే పెద్దక్క తలుపుల గొళ్ళేలు సరిచూస్తూ ఉంటుంది, అధ్యాయం అక్కడితో అయిపోతుంది. పొంతనమ్మకి తెలిసిన లోకంలో అంత నిజమైన పుస్తకం ఇంకొకటి లేదు.

పొంతనమ్మ రాసిన ఆ గిన్నెల మాటని మేజర్‌గారు పెద్దక్క నోట పలికించారు, అక్కణ్ణుంచి అది టీషర్టుల మీదకి ఎక్కింది, కప్పుల మీదకి ఎక్కింది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు మరిది గుండెల మీదకీ ఎక్కింది. తనదని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మరని కొంత, నమ్మితే ఇంకా ఏమంటారోనని కొంత. టీషర్టు మాత్రం జాగ్రత్తగా తిరగేసి ఇస్త్రీ చేస్తూ వచ్చింది.

ఈ మంగళవారం ఎడిటర్ ఫోన్ చేశాడు. మేజర్‌గారికి చూపు తగ్గిపోయిందట. ఏడో నవల ఆఖరి దిద్దుబాట్లు కాగితం మీద పెద్ద అక్షరాలతో చేశారట, వెళ్ళి తెచ్చి, అర్థం కానివి అడిగి రావాలట. పొంతనమ్మ గబగబా రెండు పూటల వంటా ఒకేసారి చేసి పెట్టి బయల్దేరింది. బస్సులో కూర్చుని, తెల్లమీసాలు, నిటారైన వెన్ను, గోడ మీద పతకాలు ఊహించుకుంది. సార్ ముందు ఎలా మాట్లాడాలో రెండుసార్లు మనసులో అనుకుంది. మూడో అంతస్తులో బెల్లు కొడితే, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఒక పెద్దావిడ తలుపు తీసింది.

"సార్ ఉన్నారా అమ్మా?" అంది పొంతనమ్మ.

పెద్దావిడ కాసేపు కళ్ళు చికిలించి చూసింది. "నువ్వు గిన్నెల అమ్మాయివా?" అంది. "ఆరేళ్ళుగా ప్రతి పేజీలోనూ సర్, సర్ అని రాస్తున్నావు. ఆ సారెవరో ఇవాళైనా వస్తాడేమోనని నేనూ ఎదురుచూస్తున్నా. లోపలికి రా."

పొంతనమ్మకి చెవులు వేడెక్కిపోయాయి. రోజూ తన గుమ్మంలో నిలబడి నీళ్ళ మీటరువాడు, కొరియరువాడు అడిగే ప్రశ్నే అది. సార్ ఉన్నారా. ఆ ప్రశ్న వినగానే తన ఒంట్లో ఏదో చిన్నగా చచ్చిపోతుంది, అయినా ఏ రోజూ పైకి అనలేదు. ఇప్పుడు అదే ప్రశ్న, తను ప్రపంచంలో అందరికంటే ఎక్కువ గౌరవించే మనిషి మొహం మీద తనే అడిగింది. వండింది ఎవరని అడగడానికి తెలివొచ్చింది కానీ, రాసింది ఎవరని అడగడానికి రాలేదు.

రెండు గదుల ఇల్లు. పతకాలు లేవు. ఒక అలమర నిండా దుప్పట్లు, అంచుకి అంచు కలిపి మడిచినవి. మేజర్‌గారు ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక పెద్ద ఆస్పత్రిలో చాకిరేవు విభాగం నడిపారట. రోజుకి ఎనిమిది వందల మంచాల దుప్పట్లు వచ్చేవి. మందునీళ్ళకి పగిలిన వేళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. "నేను యుద్ధం చూడలేదమ్మాయ్, దుప్పట్లు చూశాను," అందావిడ టీ కప్పు అందిస్తూ. ఏ వార్డులో రాత్రి ఏం జరిగిందో తెల్లారి దుప్పటి చూస్తే తెలిసిపోయేదట. రిటైరయ్యాక పక్కింటివాళ్ళ అబ్బాయి ఆడుతుంటే చూసి, సరదాగా ఒక కథ రాసి పంపితే కంపెనీ వాళ్ళు పిలిచారు. ఆడపేరైతే చదవరని వాళ్ళన్నారు, సరేనని ఈవిడ పొడి అక్షరాలు పెట్టుకుంది. ఎక్కడ బయటపడిపోతానోనని మొదటి ప్రతి నిండా తెలియని తుపాకులే నింపిందట.

"నాకు తెలిసింది రాస్తే ఆడదాన్నని పట్టేస్తారని భయం. అప్పుడొచ్చింది నీ ప్రశ్న. వండింది ఎవరని అడిగేవాళ్ళు కూడా ఈ లోకంలో ఉన్నారా అనుకున్నా. కంపెనీ వాళ్ళ నిబంధనల పుస్తకం తీసి చూశాను. తుపాకుల మీద నలభై పేజీలున్నాయి. వంటగది మీద ఒక్క ముక్క లేదు, చాకిరేవు మీద లేదు. ఎవరికీ పట్టని చోట మనల్ని అడ్డుకునేవాళ్ళు ఉండరు కదా. అక్కడ చేరాను."

ఎనిమిదో నవల తను రాయలేనని, నువ్వు రాయాలని ఆవిడ మామూలుగా, ఇంకో కప్పు టీ పోస్తున్నంత మామూలుగా చెప్పింది. కంపెనీకి ఉత్తరం కూడా పంపేసిందట. పొంతనమ్మ గాభరాపడి, నాకు రాయడం రాదండీ, నేను తప్పులు చూసేదాన్ని అంది. పెద్దావిడ లేచి తడుముకుంటూ అలమరలోంచి ఒక దళసరి పుస్తకం తీసింది. ప్రతి రాతప్రతిలోంచీ పక్క ఖాళీలు కత్తిరించి అంటించిన ముక్కలు. ఆరేళ్ళవి, రెండొందల పద్నాలుగు. ఒంటిచేతి గన్నరుకి బూటు తాళ్ళు ఎవరు కడతారు సర్. చనిపోయినవాళ్ళ దుప్పట్లు మళ్ళీ వాడతారా సర్. ఇంటికి ఉత్తరం రాయనివాళ్ళు ఎవరైనా ఉన్నారా సర్.

"ఇవి ఎవరు రాశారు?" అంది పెద్దావిడ.

"నేనేనండి."

"మరి రాయడం రాదంటావేంటి?"

పొంతనమ్మ ఆ ముక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చదువుకుంది. వెళ్ళేముందు పెద్దావిడ ఇంకో సంగతి చెప్పింది. మొన్న కళ్ళ ఆస్పత్రిలో పక్క కుర్చీలో కూర్చున్నాయన తన పుస్తకమే చదువుతున్నాడట. బాగుందా నాయనా అని అడిగితే, ఇది యుద్ధం పుస్తకం పెద్దమ్మా, మీకు అర్థం కాదు అన్నాడట. "చెప్పేద్దామనుకున్నా. కళ్ళలో చుక్కలు వేశారు, తెరవలేకపోయా," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "పేరు దాచుకోవడం తెలివనుకున్నాను. ఆ పొడి అక్షరాలు నాతోనే పోతాయి, నీకు అరువివ్వను. నువ్వు రాస్తే నీ పేరుతో రాయి," అంది.

బుధవారం ఎడిటరూ, ఆట కంపెనీలో కథా విభాగం పెద్దా లాప్‌టాప్ తెర మీదకి వచ్చారు. ఎనిమిదో నవల అయిదో ఆటకీ, కిందటి నెల విడుదలైన ఆరో ఆటకీ మధ్య జరగాలి. ఆరో ఆటలో కెప్టెన్ మహా కోపంగా ఉంటాడు, ఆ కోపం ఎందుకో నవల చెప్పాలి. కథా పెద్ద అదంతా ఆలోచించే పెట్టుకున్నాడు. రెండొందలో పేజీ దగ్గర పెద్దక్క చచ్చిపోతుంది. పాఠకులకి ఆవిడంటే ప్రేమ, కెప్టెన్‌కి గౌరవం, కాబట్టి కోపానికి ఇంతకంటే మంచి కారణం దొరకదన్నాడు.

 ఓడంతటినీ బతికించిన మనిషి, చివరికి కెప్టెన్‌గారికి ఒక కోపం తెప్పించడానికి పనికొచ్చింది. కానీ ఏడిస్తే పని జరగదని ఆవిడకి తెలుసు. ఆ కంపెనీలో మార్చరాని నియమం ఒకటుంది, నవలకీ ఆటకీ తేడా వస్తే ఆటదే గెలుపు. ఆవిడ పట్టిక తెరిచింది. పదిహేను రోజుల క్రితం మరిది ఆరో ఆట ఆడుతూ, ఓడ నడవాలో ఆట ఆపి, వదినా టీ అన్నాడు. కప్పు పట్టుకుని నిలబడ్డప్పుడు ఆవిడకి తెర మీద గోడకంటించిన ఒక కాగితం కనిపించింది. బొమ్మలు వేసేవాళ్ళలో ఎవరో నవల చదివిన పుణ్యాత్ములు వేసినట్టున్నారు, గిన్నెల వంతు చీటీ. మొదటి పేరు కెప్టెన్‌ది. కింద ఆరో ఆట నాటి తేదీ, స్టోర్స్ సార్జెంట్ సంతకం. ఆవిడ అలవాటు కొద్దీ అప్పుడే ఫోన్‌తో ఫోటో తీసి పట్టికలో రాసిపెట్టుకుంది. ఇప్పుడు ఆ తెర బొమ్మని వాళ్ళ ముందు పెట్టి, "పెద్దక్క ఆరో ఆటలో బతికే ఉందండి. సంతకం కూడా పెట్టింది. ఎనిమిదో నవలలో చంపడం కుదరదు," అంది.

కథా పెద్ద ఆ బొమ్మని పెద్దది చేసి చిన్నది చేసి చూశాడు. ఆట ఇప్పటికే లక్షల మంది చేతుల్లో ఉంది. మరి కెప్టెన్ కోపానికి కారణమో అన్నాడు నీరసంగా.

"గిన్నెలు కడగమన్నా మగవాళ్ళకి కోపం వస్తుందండి," అంది పొంతనమ్మ.

ఎడిటర్ దగ్గుతున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అట్ట మీద పేరు సంగతి వచ్చినప్పుడు కథా పెద్ద, ఏదైనా గంభీరమైన మగపేరు పెట్టుకుంటే పాఠకులు తేలిగ్గా ఒప్పుకుంటారని మెత్తగా సూచించాడు. ఆవిడ తన పేరే అంది. రెండోసారి అడిగినా అదే అంది. సాయంత్రానికి ఎడిటర్ ఫోన్ చేసి, ఒప్పుకున్నారని, నాలుగు నెలల్లో రాయాలని, శుక్రవారం మధ్యాహ్నంలోగా ఔనో కాదో చెప్పాలని అన్నాడు. అప్పటిదాకా పులిలా మాట్లాడిన పొంతనమ్మ నోట్లోంచి, "ఇంట్లో అడిగి చెబుతానండి" అని వచ్చింది. ఫోన్ పెట్టేశాక తన మీద తనకే అసహ్యం వేసింది. దివిటీ కెప్టెన్ ఏ ఒక్క యుద్ధానికీ ఇంట్లో అడిగి బయల్దేరలేదు.

గురువారం పొద్దున్న భర్త షూ లేసులు కట్టుకుంటుంటే విషయం సగం చెప్పింది, కొంచెం ఎక్కువ పని ఒప్పుకోవాల్సి వస్తోందని. ఇంట్లో కూర్చుని చేసేదేగా, ఇంటి పనికి ఇబ్బంది లేకుండా చూసుకో అని ఆయన వెళ్ళిపోయాడు. చెడ్డమాటేమీ కాదు. పద్నాలుగేళ్ళలో ఆయన చెడ్డమాట అన్నదే లేదు. ఆవిడ రోజంతా లెక్క వేసుకుంటూ తిరిగింది. పొద్దున పట్టిక పని ఉంటుంది, మధ్యాహ్నం ఇంటి పని. కథ రాయడానికి మిగిలేవి సాయంత్రాలే, సాయంత్రాలన్నీ సింకులోకి పోతున్నాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ నిన్ననే గెలిచేసింది. ఇల్లే మిగిలింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మరిది నల్ల టీషర్టు వేసుకుని కూర్చున్నాడు. ఫోన్‌లో వార్త చదివి మొహం వేలాడేశాడు. మేజర్‌గారు ఇక రాయరట, కళ్ళు పోయాయట. ఎనిమిదోది ఇంకెవరో రాస్తారట. వాడెవడో వచ్చి పెద్దక్కని చంపేస్తాడు చూడు అన్నాడు అన్నతో, ముద్ద కలిపినవాడు కలిపినట్టే ఆగిపోయి. ఆ గొంతులో నిజమైన బెంగ ఉంది. పొంతనమ్మకి అతని మీద ఒక్కసారిగా ఎక్కడలేని అభిమానం వచ్చింది. తను ఒంటరిగా ప్రేమించిన ఆ మనిషిని ఇంకొకరు కూడా ఇంతగా ప్రేమిస్తున్నారు, అదీ తన బల్ల దగ్గరే. ప్రేమించడం అంటే ఏం చెయ్యాలో మాత్రం అతనికి ఎవరూ నేర్పలేదు.

ఆవిడ అన్నం తినేసింది. లేచి తన కంచం తీసుకెళ్ళి కడిగింది, బోర్లించింది. చెయ్యి తుడుచుకుని ఫ్రిజ్ మీద నుంచి లాప్‌టాప్ తీసి, వచ్చి తన కుర్చీలో కూర్చుని తెరిచింది. బల్ల మీద మూడు కంచాలూ, కూరగిన్నె, నీళ్ళ చెంబూ అలాగే ఉన్నాయి.

"ఇవి తియ్యవా?" అన్నాడు భర్త. కోపంగా కాదు, గడియారం ఆగిపోతే అడిగినట్టు.

ఆవిడ సమాధానం చెప్పేలోపు అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చిన్నకొడుకు వైపు వంగారు. "ఒరే, ఆ చొక్కా మీద ఏం రాసుందిరా? ఎప్పట్నుంచో చూస్తున్నా, చదవడం కుదర్లేదు. ఒకసారి గట్టిగా చదువు."

మరిది తల వంచి తన గుండెల మీదవి చదవడం మొదలుపెట్టాడు. "ఎవరి గిన్నె వాళ్ళు కడుక్కోలేని దళం..." దగ్గర గొంతు కొంచెం తగ్గింది. చివరిదాకా చదివేసరికి దాదాపు వినపడలేదు. ఎవరన్నారట ఆ మాట అని అత్తగారు అడిగారు. మేజర్‌గారమ్మా అన్నాడు.

"మేజర్‌గారు కాదు, నేను," అంది పొంతనమ్మ. "ఆరేళ్ళ క్రితం, ఈ బల్ల మీదే రాశాను. ఎనిమిదో పుస్తకం కూడా నేనే రాస్తున్నాను, నా పేరుతో. రేపటినుంచి సాయంత్రాలు నేను ఇక్కడ కూర్చుంటాను. బల్ల ఖాళీ చెయ్యను."

 భర్త భార్య మొహాన్నీ తమ్ముడి టీషర్టునీ మార్చి మార్చి చూశాడు. ఆయన చదివిన నవలల్లోని ప్రతి తలుపూ కుడివైపు ఉందో ఎడమవైపు ఉందో చూసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. ఆ సంగతి ఆయన మొహంలోకి మెల్లిగా ఎక్కుతోంది. అత్తగారు మాత్రం టీషర్టు మీంచి చూపు తిప్పలేదు. "ఈ మాట నలభై ఏళ్ళ క్రితం ఎవరైనా మీ నాన్న చొక్కా మీద రాసి ఉంటే బాగుండేది," అన్నారు తనలో తను అనుకుంటున్నట్టు.

మరిది టీషర్టు మీది అక్షరాలని ఒకసారి తడిమి చూసుకున్నాడు. అడగాల్సినవి చాలా ఉన్నట్టున్నాయి. చివరికి చిన్నపిల్లాడి గొంతుతో ఒక్కటే అడిగాడు.

"వదినా, అయితే పెద్దక్క బతుకుతుందా?"

పొంతనమ్మ తెర మీద నుంచి తలెత్తలేదు. అప్పటికే ఎడిటర్‌కి ఔనని పంపేసి, కొత్త పేజీ తెరిచింది.

"ముందు నీ కంచం కడుక్కుని రా," అంది. "చెబుతాను."